కారు తలుపులో మీసం

అరవైల్లో నెల్లూరులో మా తాతగారికి ఒక నల్లకారు ఉండేది, దానికొక డ్రైవరు ఉండేవాడు. కారుకు మైనం పూసి మెత్తటి గుడ్డతో రుద్దీ రుద్దీ, అతను తలుపు ముందు వంగేవాడు. అందులో తన మీసం వెంట్రుక వెంట్రుకగా కనబడితేనే గుడ్డ మడిచేవాడు.

"ఉప్పుగాలికి ఇనుమొక లెక్కా? పూత ఉంటేనే బండి నిలిచేది," అనేవాడు. మైపాడు సముద్రపు ఒడ్డున పడవలకు పూత వేసిన చేతులవి.

సముద్రం వదిలి ఒకరి బండి తుడవడానికి పోయాడని వాళ్లమ్మకు కోపం. మా వీధిలో చేపలమ్ముతూ కూడా మా ఇంటి ముందు ఆగేది కాదు. ఒకనాడు అతనే ఎదురెళ్లి, ఆమె నెత్తిమీది గంప దించి, కారు దగ్గరికి తీసుకొచ్చాడు.

"చూడుమా, మెడ్రాసులో కూడా ఈ నిగనిగ రాదు."

ఆమె వంగి తలుపులో తన ముఖం చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"ఇంత ముసిలిదాన్ని అయిపోయినానా రా?"

"లేదుమా, ఇంకో పూత పడాల," అని అతను గుడ్డ అందుకున్నాడు.

ఆమె పకపకా నవ్వి, చెదిరిన బొట్టు ఆ తలుపులోనే దిద్దుకుంది.

మర్నాటి నుంచి మా వీధిలో ఆమె కేక మారిపోయింది.

"నల్లకారు డ్రైవరు వాళ్లమ్మను వచ్చినా... చేపలూ!"