మా కల్లం మీద పట్టా కప్పిందెవరు

దయ్యాలు, గాలి, ధూళి నేను నమ్మను. ఎవరైనా చూశామంటే ఫోటో తీశారా అని అడిగే రకం. "నీ నోటికి జడిసి అవి నీ జోలికి రావులే" అనేది మా అమ్మ. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నానంటే, ఏడాదిగా వేరే సమాధానం వెతికి వెతికి విసుగొచ్చి రాస్తున్నాను.

నాకు మంగళగిరిలో ఉద్యోగం. నిరుడు మార్చిలో సెలవు పెట్టి దాచేపల్లి దగ్గర మా ఊరు వెళ్లాను. ఇంటి వెనక కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. రెండేళ్లు పురుగు తినేశాక చేతికొచ్చిన మొదటి పంట. తడిస్తే రంగు పోయి తాలుకాయలవుతాయి, ఇక ఆ ఏడాది కష్టం మట్టిపాలే.

ఆ పొద్దున నాన్న అమ్మను కంటి పరీక్షకు గుంటూరు తీసుకెళ్తూ మరీ మరీ చెప్పాడు.

"మబ్బేస్తే కాయలు కుప్పజేసి ప్లాస్టిక్ పట్టా కప్పమ్మా. నువ్వొక్కదానివే లాగలేవు. పక్క కల్లంలో సుబ్బాయమ్మ పిన్నిని కేకెయ్."

"నేనేమన్నా చిన్నపిల్లనా నాన్నా" అన్నాను.

పదిన్నరకు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. సముద్రంలో ఓడ నడిపే ఆట. చెవులకు హెడ్‌ఫోన్లు. ఒక్క దీవి చేరాక లేద్దామనుకున్నాను. ఇంతలో నడి సముద్రంలో తుఫాను పట్టుకుంది. కీలు నొక్కి తెరచాప దించాను, తాళ్లు బిగించాను, ఓడ మునగకుండా గట్టెక్కింది. మహా అయితే అరగంట ఆడి ఉంటాననుకున్నాను.

హెడ్‌ఫోన్లు తీస్తుంటే చేతులు భగభగ మండుతున్నాయి. గోళ్ల సందుల్లో ఎర్రటి కారం. టైము నాలుగుంపావు. కిటికీ అవతల చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

చెప్పుల్లేకుండా కల్లానికి పరిగెత్తాను. కాయలన్నీ ఒకే కుప్పగా ఉన్నాయి. మీద పట్టా, అంచుల వెంట వరసగా రాళ్లు. కొస ఎత్తి చూస్తే ఒక్క కాయ తడవలేదు.

పక్క కల్లం నుంచి పిన్ని వచ్చింది.

"ఎంత మొండిదానివే! అంత వానలో ఒక్కదానివే లాగావు. వస్తానుండవే అని కేకేస్తే తిరిగి కూడా చూళ్లేదు" అంటూ నా జడ పట్టుకుని ఆగిపోయింది. "ఇందాక ముద్దగా తడిశావు గదే."

నా జడ పొడిగా ఉంది. బట్టలూ పొడిగానే ఉన్నాయి.

ఆడినంతసేపూ తెర మీది ఆట రికార్డు చేసుకోవడం నా అలవాటు. మర్నాడు కూర్చుని మొత్తం చూశాను. ఓడ ఎక్కడా ఆగలేదు, నిమిషంపాటైనా నేను కీలు నొక్కడం ఆపిన జాడ లేదు. రికార్డులోని టైము ప్రకారం ఆటలో తుఫాను వచ్చింది మధ్యాహ్నం రెండింటికి. మా కల్లం మీద వాన ఎప్పుడు మొదలైందని పిన్నిని అడిగితే, రెండింటికే అంది.

నాకు భయం వేయలేదు. దండం పెట్టుకోవాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

వాన పడ్డ రోజు సాయంత్రమే బస్సు దిగి, అమ్మ ఇంట్లోకెళ్తే, నాన్న నేరుగా కల్లానికే వచ్చాడు. తోవంతా వాన చూస్తూ వచ్చిన మనిషి. పట్టా కింద చెయ్యి పెట్టి కాయలు తడిమి, ఎర్రబడ్డ నా చేతులు చూశాడు. తర్వాత లోపలికెళ్లి కొబ్బరినూనె తెచ్చి, నా అరచేతులకు తనే రాశాడు.

"నేను కాదు నాన్నా" అన్నాను.

"మరి ఈ మంటేంటమ్మా?" అన్నాడు.

కాయ ముట్టకుండా చేతులు మండవు. కుర్చీ దిగకుండా నేను కాయ ముట్టలేను.