కెటిల్ కారు

సంత్రాగాఛి నుంచి హౌరా వెళ్లే లోకల్ రైల్లో నా ఎదురుగా కూర్చున్న తెలుగాయన ఒళ్లో ఒక రేకు డబ్బా ఉంది. అందులో బూటు ఆకారంలో, అరటిపండు ఆకారంలో, అగ్గిపెట్టె కంటే చిన్న పాత బొమ్మకార్లు ఉన్నాయి. నాకూ అదే పిచ్చి. కాలేజీ సంచీలో ఎప్పుడూ మోసుకు తిరిగే నా టీ కెటిల్ ఆకారపు కారు తీసి ఆయన చేతిలో పెట్టాను. విదేశీ ఓడలో వచ్చిన నావికుడు ఇచ్చాడని చెప్పి, నా పదో పుట్టినరోజుకి నాన్న తెచ్చిన కారు అది. గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డులో పనిచేసే నాన్న ఇప్పుడు రైల్లో నా పక్కనే కూర్చున్నాడు.

ఎదుటాయన కారు తిరగేసి, తాళంచెవితో అడుగున గీశాడు. ఎర్ర రంగు కింద ఇత్తడి మెరిసింది.

"ఇది ఫారిన్‌దని ఎవులు సెప్పినారు బాబూ? పాత కొళాయి ముక్క. ఆకురాయి గీతలు సూడు," అన్నాడు. తర్వాత నాన్న వేళ్ల వంక చూసి నవ్వాడు. "ఆ సేతులు ఫిట్టరువే కదేటి? మీరే సెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నాన్న వేళ్లు ముడుచుకున్నాడు.

హౌరాలో దిగగానే కారు నాన్న చేతిలో పెట్టి, "నాకొద్దు, నువ్వే ఉంచుకో" అన్నాను.

ఆయన గీసిన చోటు నాన్న బొటనవేలితో రుద్దాడు. "మళ్లీ రంగేస్తే అగుపడదురా," అన్నాడు. నేను వినిపించుకోకుండా ముందుకు నడిచాను.

ఇప్పుడు నా అద్దాల బీరువాలో నలభై కార్లున్నాయి. అన్నీ అసలైనవే.