మా కారు డిక్కీలో ఉద్యమం

మేం కారు కొన్న ఏడాదే తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. దాన్ని మా ఆయన తన మీద జరిగిన కుట్రగానే తీసుకున్నాడు. ఆయనది తెనాలి పక్కన పల్లె, నాది నల్లగొండ జిల్లా. ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకుని ఎల్బీనగర్‌లో కాపురం పెట్టాం. అప్పటిదాకా మా ఇంట్లో ప్రాంతీయ విభేదమంటే పప్పులో చింతపండు ఎంత పడాలన్నదే. ఇప్పుడు ఆయనకు కొత్త భయం పట్టుకుంది. బంద్ రోజు చౌరస్తాలో ఎవరైనా ఆపితే, తన నోట్లోంచి 'అండీ' ఊడిపడితే, కారు అద్దాలు పోతాయట. మా కాలనీలో అద్దం పగిలిన కారు ఒక్కటీ లేదని చెప్పి చూశాను. భయపడేవాడికి లెక్కలు చెప్తే ఏం లాభం, ఇంకో రెండు కొత్త భయాలు చూపించాడు.

అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆస్పత్రి మాట్లాడుకున్నాం. సరిగ్గా బంద్ రోజే నొప్పులొస్తే ఎలాగన్న దిగులు ఇద్దరికీ ఉంది, అది మాత్రం నిజమైన దిగులే. నేను దిగులుపడి ఊరుకున్నాను. ఆయన ఊరుకునే రకం కాదు, కిట్ తయారు చేశాడు.

కారుతో పాటు వచ్చిన పుస్తకంలో దారిలో ఆగిపోతే పనికొచ్చే సామాను గురించి ఒక పేజీ ఉంది. జాకీ, టార్చి, దెబ్బలకు మందుల డబ్బా, అదీ ఇదీ. మా ఆయన దృష్టిలో అవన్నీ దేశం ప్రశాంతంగా ఉన్నప్పటి సామాను. ఆయన కిట్‌లో మొదటి వస్తువు గులాబీ కండువా. మెడకొకటి, అద్దానికొకటి, ఎవరైనా లాక్కుంటే మార్చుకోవడానికి ఇంకొకటి. తర్వాత నంబరు ప్లేటు మీద ఏపీ కనబడకుండా అంటించే టీజీ స్టిక్కరు. అదీ కోదాడ దాటి వాళ్ల ఊరెళ్లేటప్పుడు పీకేయడానికి వీలయ్యే రకం. బతుకమ్మ పాటల సీడీలు. రోడ్డు మీదే చిక్కుకుపోతే వండుకోవడానికి కిరసనాయిలు స్టవ్వు, బియ్యం మూట, నీళ్ల క్యాను. వీటికి చోటు చాలక జాకీ అటకెక్కింది. చక్రం నట్లు విప్పే స్పానరు మాత్రం ఆత్మరక్షణ కోసమని తన సీటు కింద పెట్టుకున్నాడు. పచ్చడికి రోట్లో మిరపకాయలు నూరడానికే భయపడే మనిషి ఆ స్పానరుతో ఎవరిని కొడతాడో నాకు అర్థం కాలేదు.

కిట్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు నేను. ఎవరు ఆపినా అద్దం దించి మా యాసలో మాట్లాడాల్సింది నేనే. ఒకవేళ నాకు నొప్పులెక్కువై మాట పెగలకపోతేనో అని, తను కూడా నేర్చుకోవడానికి సిద్ధపడ్డాడు. రోజూ అన్నాలయ్యాక పాఠం.

"ఏడికి పోతున్నవ్ అన్నా?" అని నేను కారు ఆపిన మనిషిలా గొంతు పెంచేదాన్ని.

"దవాఖానకి వెళ్తున్నానండీ."

"పోతున్న అను. అండీ తీసెయ్."

"దవాఖానకి పోతున్న..." కాసేపు బిగబట్టుకుని, "గారూ" అనేవాడు.

ఒక ఆదివారం నేను పడుకుని ఉండగా కాలనీ వాళ్లు గేటు కొట్టారు. బంద్‌లో రోడ్డు మీద కాల్చడానికి పాత టైర్లుంటే ఇమ్మని ఇల్లిల్లూ తిరుగుతున్నారట. మా ఆయన కిందికి వెళ్లి ఏదో ఇచ్చి వచ్చాడు. "ఏమిచ్చినవ్?" అంటే, "ఏదో ఒకటిలే, మన మీద మంచి అభిప్రాయం ఉండాలిగా" అన్నాడు. డిక్కీలో కాస్త ఖాళీ కూడా దొరికిందని సంబరపడ్డాడు. నేను అటు తిరిగి మళ్లీ పడుకున్నాను.

అనుకున్నంతా అయింది. బంద్ రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకు ఫోన్ చెయ్యమన్నాను. "ఇంత కిట్ పెట్టుకుని అంబులెన్సెందుకే!" అని చిన్నబుచ్చుకున్నాడు. కండువాలు కట్టాడు, స్టిక్కరు అంటించాడు, పాటలు పెట్టాడు. సరూర్‌నగర్ వైపు లోపలి దారి మురుగు కాలువ కోసం తవ్వేసి ఉంది. ఇక హైవేనే గతి.

కొత్తపేట ఇంకా రాకముందే రోడ్డుకడ్డంగా వంటావార్పు కనిపించింది. ఆ రోజుల్లో అదొక పద్ధతి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినేవాళ్లు. డేగిసాల్లో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్లు చాపల మీద కూర్చుని వంకాయలు కోస్తున్నారు. మేం వాళ్ల దాకా వెళ్లకముందే టైరుకు ఏదో గాజుపెంకు గుచ్చుకున్నట్టుంది, కారు ఒక పక్కకు కుంగింది.

ఆయన దిగి వెళ్లి డిక్కీ తెరిచాడు. చాలాసేపు రాలేదు. నొప్పిని పళ్ల బిగువున పట్టుకుని, "స్టెప్నీ తీస్తున్నవా?" అని అరిచాను.  మెల్లగా నా కిటికీ దగ్గరికొచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. మొన్న కాల్చడానికిచ్చింది దాన్నే.

నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. అంత భయం కూడా వెయ్యలేదు. బిడ్డ రోడ్డు మీదే పుడుతుందేమో, పుట్టి ఏమైపోతుందో అని గట్టిగా ఏడ్చేశాను.

ఆ ఏడుపు విని నలుగురైదుగురు ఇటు నడిచారు. అన్ని రోజులు నేర్చుకున్న పాఠం వాళ్లను చూడగానే మా ఆయన నోట్లోంచి ఎగిరిపోయింది. "బాబ్బాబూ, మా ఆవిడకి నెప్పులొస్తున్నాయండీ, కారు పంచరైందండీ, స్టెప్నీ కూడా లేదండీ!" అని రెండు చేతులూ జోడించాడు. వాళ్లు ఆయన వైపు, మెడలోని కండువా వైపు ఒకసారి చూశారు. చాప మీదినుంచి ఒక పెద్దావిడ కత్తిపీట పక్కకు నెట్టి లేచింది.

"గట్ల సూస్తరేందిరా? పిల్లను కిందికి దించుండ్రి. స్టెప్నీ లేకపోతే ఇంకోటి దొరుకదా?"

నన్ను చాప మీద కూర్చోబెట్టి ఆవిడ నా నడుము రుద్దసాగింది. అప్పుడు చూశాను. రోడ్డు మధ్యలో పెద్ద జెండా నిలబడి ఉంది. దాని కర్ర ఒక చక్రం నడిమి బొక్కలో దిగేసి ఉంది. చక్రం మీద తెల్ల రంగుతో మా కారు నంబరు. దొంగలెత్తుకుపోకుండా మా ఆయనే కొన్నప్పుడు రాసుకున్నాడు.

"గది మాదే!" అని వేలు చూపించాను.

"మీదేనా?" అని ఒకతను నవ్వాడు. "టైరడిగితే రిమ్ముతోని ఇచ్చిండు అన్న. కాలవెట్టబుద్ధి గాలే, జెండాకు పెట్టినం."

జెండా పీకారు. అది ఎవరో ఒకరు పట్టుకోవాలి, తక్కినవాళ్లకు కారుతో పనుంది. "జర పట్టుకో అన్నా" అని మా ఆయన చేతికిచ్చారు. ఆత్మరక్షణ స్పానరుతో ఒకతను నట్లు విప్పాడు. జాకీ అటక మీద ఉంది కదా, ఆరేడుగురు కలిసి కారును అమాంతం ఎత్తి పట్టుకున్నారు. మా ఆయన హైవే నడిబొడ్డున అంతెత్తు జెండాతో నిలబడి, నన్ను చూస్తూ కన్నీళ్లు కారుస్తున్నాడు. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

చక్రం బిగించాక నన్ను వెనక సీట్లో పడుకోబెట్టారు. పెద్దావిడ జెండా కోసం చెయ్యి చాపింది. "ఇగ తే బిడ్డా, మేం పట్టుకుంటం. నువ్వు పో."

ఆయన జెండా ఇచ్చేసి ఒక అడుగు వేసి ఆగాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. వాళ్ల వైపు తిరిగి దండం పెట్టి, గట్టిగా అన్నాడు.

"జై తెలంగాణ అండీ!"

 అందరూ నవ్వి, నవ్వుతూనే "జై తెలంగాణ" అని బదులిచ్చారు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి ఆస్పత్రిలో మాకు కూతురు పుట్టింది.

ఆయన్ని అండీ తీసెయ్యమని తర్వాత నేనెప్పుడూ అనలేదు.