పసుపు ఊళ్ళో ఊదా తీగ

ఇంటి ముందు పందిరి మీది మల్లెతీగను తీయించి, ఆ చోట విస్టీరియా పెట్టిన ఘనుణ్ణి నేనే. ద్రాక్షగుత్తుల్లా వేలాడే ఊదా పూలు, వాకిలంతా పరిమళం, కింద కుర్చీలో చాయ్ తాగుతూ నేను. ఫోనులో కనబడిన బొమ్మలో మొదటిదొక్కటే ఉంది, మిగతా రెండూ నేను చేర్చుకున్నాను. ఎండాకాలమంతా వాడకట్టుకు మల్లెలు పంచే మా ఆవిడ, తన తీగ నరికిస్తుంటే ఒకటే అడిగింది.

"గిది పూస్తదా?"

"నేను కాలేజీల చెప్పేదే చెట్ల పాఠం," అన్నాను.

మూడేళ్లు పాఠంలో పూసింది, పందిట్లో పూయలేదు. పూలకు అలవాటుపడ్డ వాడకట్టు ఆడవాళ్లు గేటు దగ్గర ఆగి, "సార్, పూలేవి?" అని అడిగి, గేటు దాటాక నవ్వేవారు.

తప్పు తీగది కాదు. ఆర్మూరులో పుట్టినవాడి చేతికి ఏ మొక్క దొరికినా పసుపు చేనుకు చేసే మర్యాదలన్నీ చేస్తాడు. గంపలకొద్దీ పెంట ఎరువు వేశాను, పిడికిళ్లకొద్దీ యూరియా చల్లాను, అడగకుండానే నీళ్లు పెట్టాను. తీగ కూడా మర్యాదస్తురాలే. ఆకులిచ్చింది, ఆకుల మీద ఆకులిచ్చింది.

ఆలూరు నుంచి వచ్చిన మా మామ, పుట్టినప్పటినుంచీ పసుపు పండిస్తున్న మనిషి, ఆ పచ్చదనాన్ని చూసి మురిసిపోయాడు.

"ఆకు గింత జోరుమీదుందంటే అడుగుల కొమ్ములు మస్తు ఊరి ఉంటయి అల్లుడా."

"ఇది పూల తీగ మామా."

"పూలేవి మరి?"

మామకు చాయ్ పెట్టించాను.

చలికాలంలో ఆకులన్నీ పండి రాలాయి. విస్టీరియా స్వభావమే అంత. కాని జనవరిలో ఆకు ఎండితే మా దిక్కు పసుపు రైతు చేసే పని ఒక్కటే, తవ్వడం. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మామ గడ్డపారతో తీగ మొదలు చుట్టూ మోకాటి లోతు తవ్వేసి ఉన్నాడు. తెగిన వేళ్లు పక్కన కుప్పగా పడి ఉన్నాయి.

"ఒక్క కొమ్ము గూడ ఊరలే అల్లుడా," అన్నాడు జాలిగా. "నిన్ను మోసం జేసిండ్రు."

"మంచి పని జేసినవ్ బాపూ," అంది మా ఆవిడ. "ఇగ పీకేసి మల్లె పెడత."

మర్నాడే జక్రాన్‌పల్లి దగ్గరి నర్సరీ నుంచి మల్లె మొక్క తెచ్చి, కుండీలో పెట్టి, పందిరి పక్కన కాపలా ఉంచింది. నేను బతిమాలాను.

"ఒక్క ఏడాది చూడు. పూయకపోతే నా చేత్తోనే పీకేస్త."

"యూరియా సంచి ముట్టద్దు మరి."

"ముట్ట."

గుంత పూడ్చాను. నా వృక్షశాస్త్ర జీవితంలో నేను చేసిన అత్యంత ఉపయోగకరమైన పని ఆ ఏడాదే జరిగింది: ఏమీ చేయకపోవడం. తీగ సగం ఆకే వేసింది. గడువు దగ్గరపడేకొద్దీ నా ముఖమూ వాడింది.

మరుసటి ఏడాది ఫాల్గుణంలో బోడి కొమ్మల మీద బూడిదరంగు నూగుతో ఏవో ఉబ్బాయి. గొంగళిపురుగులని తేల్చి మందు డబ్బా పట్టుకొచ్చాను.

"జర ఆగు సారూ," అంది మా ఆవిడ, కళ్లు చికిలించి. "గవి మొగ్గలు."

పది రోజులకు మూడు గుత్తులు వేలాడాయి. తేనె కలిపినట్టు తియ్యటి వాసన వీధి దాకా పోయింది. మామ బస్సెక్కి మరీ వచ్చాడు.

"తవ్వినంక పూసింది, జూసినవా?"

శాస్త్రం చూపించి ఆయన నోరు మూయిద్దామని ఫోను తీశాను. పూయకుండా మొరాయించే విస్టీరియాకు పార దింపి చుట్టూ వేళ్లు తెంచాలని అందులో ఉంది. ఫోను జేబులో పెట్టుకున్నాను.

"జూసిన మామా."

మా ఆవిడ గుత్తి కింద నిలబడి చాలాసేపు వాసన చూసింది.

"మంచిగనే ఉంది. గని గివి తలల పెట్టుకుంటానికి వస్తయా? ఎవరికన్న పంచుతానికి వస్తయా?" అంది. "గీ గుంజ నీ తీగకు ఉండనీ. గా గుంజ నా మల్లెకు."

గుంత తీద్దామని నేను పార అందుకోబోయాను. ఆమె దాన్ని తీసి వాళ్ల నాన్న చేతికిచ్చింది.