నివురు కింద మేష్టారి మాట

ఈ రేవు కూలీల గదుల లైను విడిచి వెళ్ళిన మన వాళ్ళందరూ కులాసాగా ఉన్నారా? ఈ రంగూనులోనే తామ్వే పేటకి మారిపోయిన మా మరిదికి నడుము నొప్పి తగ్గిందా? ఆయన కోడలికి జ్వరం విడిచిందా? చంటివాడికి దగ్గు నెమ్మదించిందా? ఇలా ఒక్కొక్కరినీ అడగకపోతే నాకు అన్నం సహించదు. అడగవలసిన ఒక్కరు మాత్రం ఇక లేరు. మా లైనులో చివరి గదిలో ఉండే మేష్టారు మొన్న గురువారం జ్వరంతో పోయారు.

పగలు ఆయన బడిలో పెద్ద పిల్లలకు ఇంగ్లీషులో ఇంగ్లండు చరిత్ర చెప్పేవారు. సాయంత్రం వరండాలో మా లైను పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించి, అదే చరిత్ర మన మాటల్లో కథగా చెప్పేవారు. నేను బియ్యం ఏరుతూ వినేదాన్ని. అరవై దాటిన నా చేతికి పలక ఇచ్చింది కూడా ఆయనే. ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

నేల మీద ఏడు చింతపిక్కలు పెట్టేవారు. అవి ఏడు రాజ్యాలు. వెసెక్సు, మెర్సియా, నార్తంబ్రియా అంటూ పిల్లలు పాటలా పాడేవారు. అవి తమలో తాము కొట్టుకుని, చివరికి ఒక్క రాజు కిందికి వచ్చాయట. తరవాత సముద్రం అవతలి నుంచి నార్మన్లు ఓడలెక్కి వచ్చారు. ఒక్క రోజు యుద్ధంలో ఆ దేశపు రాజు కూలాడు. పొలాలు కొత్త దొరల పాలయ్యాయి. ఊరూరా కోటలు లేచాయి. కొలువులో దొరల భాష, వంటింట్లోనూ పశువుల సాలలోనూ పాత భాష. సాయంత్రం గంట కొడితే ప్రతి ఇంటా నిప్పు కప్పెయ్యాలని కొత్త రాజు హుకుం వేశాడంటారు.

అది విని నేను బెదిరిపోయాను. ఎప్పటి రాజో నాకు పట్టలేదు. ఇక్కడా ఏలేది ఇంగ్లండు దొరలే, వాళ్ళ హుకుం అంటే మనకు కూడా కదా అనుకున్నాను. మర్నాడు రేవులో సాయంత్రం కూత వినపడగానే, అదే ఆ గంట అనుకుని లైనంతా పరుగెత్తాను.

"ఒలమ్మా, నిప్పు కప్పీయండే! జరిమానా ఏసీగలరు!"

ఆడవాళ్ళందరూ పొయ్యిల మీద బూడిద పోశారు. మగవాళ్ళు వచ్చేసరికి ఏ కుండలో చూసినా ఉడికీ ఉడకని బియ్యమే.

"ఏటొదినా, మూటలు మోసొచ్చి పచ్చిబియ్యం నమలమంతావా?" అని మా మరిది అరిచాడు.

మేష్టారి భోజనం మా ఇంట్లోనే. ఆయన ఆ పలుకు అన్నమే కలుపుకున్నారు. నన్ను సొంత అక్కలా పిలిచేవారు. "అప్పా, ఆ రాజు సచ్చి ఎనిమిదొందల ఏళ్ళు దాటిపోనాది. నువ్వింకా ఆడికి బయపడతన్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన నవ్వు ఆపి, పుల్లతో నివురు పక్కకు తీశారు. కింద నిప్పు ఎర్రగా ఉంది.

"సూడు. కప్పితే ఆరిపోనాదా? ఆ దేశపోళ్ళ బాస కూడా ఇలాగే వంటిళ్ళల్లో దాగింది. దొరల మనవలే తమని పెంచిన దాయిల కాడ ఆ బాస నేర్సుకున్నారు. మూడొందల ఏళ్ళకి కొలువులోకీ అదే వొచ్చీసింది."

నా దిగులు ఏమిటో ఆయనకు తెలుసు. నా మనవరాలు ఈ రంగూనులోనే పుట్టింది. బర్మా మాటలు, హిందుస్తానీ మాటలు కలిపి మాట్లాడేది. మన మాట అర్థమయ్యేది గాని నోట వచ్చేది కాదు. నన్ను కూడా బర్మా మాటలో ఫ్వాఫ్వా అనే పిలిచేది. మేష్టారి వరండాలో కూచున్నాకే "మామ్మా" అంది. నేను పోయాక దాని నోట ఆ మాట నిలుస్తుందా అన్నదే నా భయం. ఇప్పుడు నాకంటే ముందు ఆయనే పోయారు.

వరండా బోసిపోయింది. పలకలు మా గదిలో పేర్చి ఉన్నాయి. పిల్లలకు నువ్వే చెప్పమని తల్లులు అడిగారు. నాకు గుణింతం సగమే వచ్చు. తప్పు నేర్పితే పాపం కాదా అని ఒప్పుకోలేదు. నిన్న పొద్దున నేను పొయ్యిలో బూడిద తీస్తుంటే, మనవరాలు వచ్చి నా పక్కన ఏడు చింతపిక్కలు పెట్టింది.

"మామ్మా, వచ్చిందే సెప్పు. రానిది నాను సెప్తాను," అంది అచ్చంగా మన మాటలోనే.

అందుకే ఒప్పుకున్నాను. వానకు మెట్ల మీద ఎవరైనా జారిపడతారేమో, పొగకు కళ్ళు మండుతాయేమో అని బెంగగానే ఉంది. చింతపిక్కలు పొయ్యి పక్కన అలాగే ఉంచాను. మీ పిల్లల్ని కూడా అక్షరాలు దిద్దడానికి మా గదికి తీసుకురండి. వచ్చే ఆదివారం పొద్దున, నేను నివురు తీసే వేళకి.