టైపిస్టు అడిగిన ప్రశ్న

బందరు కోర్టు ఎదుట టైపు మిషను పెట్టుకున్న ఆయనకి ఒక అలవాటు ఉండేది. వాక్యం నచ్చకపోతే వేళ్ళు మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకునేవారు.

నేను అప్పుడే నల్లకోటు వేశాను. భూములు పోయినా బిగువు పోని ఇల్లు మాది. కొత్త లాయర్లకు మేధోసంపత్తి చట్టం మీద పెట్టిన వ్యాసరచన పోటీలో గెలిచి, మా ఇంటిపేరు మళ్ళీ పదిమందిలో వినిపించాలని నా ఆరాటం. వ్యాసం సాయంత్రం టపాకే వెళ్ళాలి. విదేశీ కంపెనీల డిజైన్ల గురించి చెప్పి టైపు చేయిస్తుంటే ఆయన వేళ్ళు ఒళ్ళోకి వెళ్ళాయి.

"చిలకలపూడిలో మా అన్న ఆర్నెల్లు కూర్చుని చెక్కిన బుట్టకమ్మల అచ్చుని పక్కవీధి వాళ్ళు వారంలో దించేశారండీ. ఈ చట్టం ఆయనకేమైనా పనికొస్తుందా?"

"ముందు టైపు చెయ్యండి," అన్నాను. చెయ్యలేదు.

 పోటీకి పంపాల్సింది ఆ ప్రశ్నేనని తట్టగానే నాకు కాలు నిలవలేదు. పాత కాగితాలు చింపేసి, కొత్త వ్యాసం నిలబడే చెప్పాను. ఆయన వేళ్ళు ఒక్కసారి ఆగితే ఒట్టు.

చివరి పేజీలో నేనే ఆగాను. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. అయినా అడిగాను.

"ప్రశ్న మీది. కింద మీ పేరు వెయ్యచ్చా?"

"మా అన్న అచ్చు దించినవాళ్ళు ఒక్కరూ ఇలా అడగలేదండీ," అని, తన పేరుకి ముందు అన్నగారి పేరు టైపు చేశారు.