గార్డుసాబ్ పుర్రచేతి క్యూ

అది 1978. వరంగల్‌లో మగ్గం మీద అటూ ఇటూ నూలు మోసే నాడెలు చేసే వడ్రంగి దుకాణం నాది. నాడెలతో పాటు బిలియర్డ్స్ ఆడేవాళ్ళకు క్యూలు కూడా చేసేవాణ్ణి. క్యూ అంటే బంతిని పొడిచే పొడుగు కర్ర. సన్నని కొసకు అంటించే తోలు బిళ్ళ టిప్, చేతిలో పట్టుకునే లావు భాగం బట్. నా జీవితంలో వెయ్యి క్యూలు చేశాను. సరే, నాలుగు వందలు. ఇది రాస్తుంటే మా ఆవిడ లక్ష్మమ్మ పక్కనే కూర్చుంది కనుక, నూట ఇరవై.

బట్‌కు ములుగు అడవి తునికి వాడేవాణ్ణి. బీడీ ఆకు ఇచ్చే చెట్టే, బాగా ముదిరితే లోపలి చేవ నల్లగా ఇనుములా ఉంటుంది. ముందు భాగానికి యాష్ అనే సీమ కర్ర. దాన్ని ఇంగ్లండు నుంచి ఓడ మీద తెప్పిస్తానని గిరాకీలకు చెప్పేవాణ్ణి. ఓడ మీద వచ్చిన మాట నిజమే, కాకపోతే నేను పుట్టకముందు వచ్చింది. వ్యాగన్ల గొలుసులు తగిలించడానికి రైల్వేలో వాడే పొడుగు కర్రలవి. పాతబడ్డాక తుక్కు వేలంలో కొనేవాణ్ణి.

"చారి పని చూస్తే మొక్కబుద్ధయితది, మాట వింటే మొత్తబుద్ధయితది" అనేవాడు బిలియర్డ్స్ బల్ల ఉన్న మా ఊరి క్లబ్బు సెక్రటరీ. నా పని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, ఫిర్యాదంతా నా మర్యాద మీదే. కొత్త గిరాకీ ఎవరొచ్చినా ముందు చేతికి చీపురు ఇచ్చేవాణ్ణి.

"జర దుకాణం ఊడ్వుండ్రి సార్. మీ చేతి వాటం చూడాలె. చీపురు పట్టినట్టే క్యూ పడతరు మనుషులు."

తహసీల్దారు ఊడ్చాడు, కాంట్రాక్టరు గొణుక్కుంటూ ఊడ్చాడు, ఒక డాక్టరుగారైతే మూలలు కూడా వదల్లేదు. వాళ్ళు ఊడుస్తుంటే నేను గడ్డం నిమురుకుంటూ ఏదో లెక్క కడుతున్నట్టు తలూపేవాణ్ణి. నేను చూసింది రంపపు పొట్టు పోయిందా లేదా అన్నది మాత్రమే.

అట్లా ఊడ్చినవాళ్ళలో రైలు గార్డు సాయిలు ఒకడు. డోర్నకల్ నుంచి బదిలీ మీద వచ్చాడు. డ్యూటీ దిగితే ఇంటికంటే ముందు క్లబ్బుకు పోయే మనిషి. కానీ ఆట రాదు. గురిపెట్టడం బాగానే ఉండేది, పొడిచేసరికి క్యూ వంకరపోయి టిప్ బల్ల మీది ఆకుపచ్చ బట్టలోకి దిగేది. ఆ బట్టను క్లాత్ అంటారు. చిరిగితే కొత్తది దూరం నుంచి రావాలి, వచ్చేదాకా అందరి ఆటా బంద్. ఒకసారి చింపాడు కూడా. మళ్ళీ చింపితే బల్ల ముట్టనివ్వనని సెక్రటరీ చెప్పేశాడు.

"కర్ర మంచిదైతే చెయ్యి అదే కుదురుతది చారన్నా," అన్నాడు సాయిలు, చీపురు నాకు తిరిగి ఇస్తూ.

ఒక క్యూ చేసిచ్చాను. వారానికి తిరిగి వచ్చింది. బట్ బరువు పెంచి రెండోది చేశాను. ఈసారి క్లాత్ చిరగలేదు గాని, టిప్‌కు రాసే చాక్ ముక్క గీసినట్టు దాని మీద మూరెడు గీత పడింది. ఇక బల్ల ముట్టొద్దని సెక్రటరీ అందరి ముందూ చెప్పాడట. సాయిలు రెండు క్యూలూ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"నీ తప్పేం లేదు. నాకే రాసిపెట్టి లేదు. ఇంకెవరికన్న ఇయ్యి," అని వెళ్ళిపోయాడు. యాభై దాటిన మనిషి కళ్ళు తుడుచుకుంటూ పోవడం నాకు నచ్చలేదు.

ఆయన చేతి వాటం నేను మొదటిరోజే పసిగట్టానని తర్వాత క్లబ్బంతా చెప్పుకున్నాను. అబద్ధం. పసిగట్టింది లక్ష్మమ్మ.

"ఆయనకు కుడిచేత్తోని ఆడే కర్ర ఎందుకిచ్చినవ్? ఆయనది పుర్రచెయ్యి గద," అంది.

"ఎవరు చెప్పిండ్రు? కుడిచేత్తోనే రాస్తడు, తింటడు."

"రాసుడు బడిల పంతులు కొట్టి నేర్పిండు, తినుడు అవ్వ కొట్టి నేర్పింది. ఊడ్చుడు మగపిల్లగానికి ఎవలు నేర్పిండ్రు? ఎడమచేత్తోని ఎంత నున్నగ ఊడ్చిండో నువ్వు చూడలే? మరి ఆడ నిలబడి ఏం చూసినవ్?"

నేను చూసింది పొట్టు.

సాయిలును పిలిపించాను. ఎడమచేత్తో ఆడమంటే ముఖం మాడ్చుకున్నాడు. "నలుగుట్ల నవ్వులపాలు చేస్తవా? చిన్నప్పటి సంది ఈ చెయ్యికి దెబ్బలే." అప్పుడు నా పాత బుద్ధి పనికొచ్చింది. "గార్డుసాబ్, పుర్రచేతి క్యూ అని వేరే ఉంటది. ఇంగ్లండుల పెద్దపెద్దోళ్ళు దాంతోటే ఆడతరు. కుడిచేత పడితే పనిచెయ్యది. పది రోజులు టైమియ్యి" అన్నాను.

పుర్రచేతి క్యూ అనేది లోకంలో లేదు. కర్రకు కుడి ఎడమలు ఉండవు. తొమ్మిది రోజులు చేతులు కట్టుకుని కూర్చుని, పదో రోజు ఆయన వదిలేసిపోయిన మొదటి క్యూకే కొత్త పాలిష్ పట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రం నేనూ క్లబ్బుకు పోయాను. నేను బతిమాలితే ఒక్కసారికి ఒప్పుకుని, సెక్రటరీ క్లాత్ పక్కనే కాపలా నిలబడ్డాడు. సాయిలు క్యూను ఎడమచేతికి మార్చుకుని వంగాడు. టిప్ బంతిని తాకిన చప్పుడు మెత్తగా వినిపించింది. ఎర్రబంతి మూల జేబులో పడింది. మళ్ళీ పెడితే మళ్ళీ పడింది. మూడోసారి పడలేదు గాని క్లాత్ మీద వెంట్రుకంత గీత కూడా లేదు. సెక్రటరీ పక్కకు జరిగి, "ఇగ ఆడుకో సాయిలూ" అన్నాడు. ఆ మాటకు సాయిలు నవ్విన నవ్వు మా పెళ్ళిలో నేను కూడా నవ్వలేదు.

అయిదేళ్ళకు ఆయన రిటైరయ్యాడు. మెడలో దండతోనే దుకాణానికి వచ్చాడు. ఇక దాచడం బాగుండదని అసలు సంగతి చెప్పాను.

"ఎరుకనే చారన్నా," అన్నాడు. "గార్డులకు ఎవరి పెట్టె వాళ్ళకుంటది. కలిసిపోకుండ గుర్తు పెట్టుకుంటం. మొదటి క్యూ ఇచ్చిన దినమే బట్ అడుగున చీలతోటి రెండు చుక్కలు పెట్టుకున్న. పాలిష్ కింద అట్లనే ఉండె."

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అడిగితే మళ్ళ కుడిచేతికి మార్చుకోవాలె గద."

అని చీపురు తీసుకుని, దండ వెనక్కి వేసుకుని, ఎడమచేత్తో దుకాణమంతా ఊడ్చి పోయాడు.

సాయిలు తర్వాత కూడా గిరాకీలతో ఊడ్పించడం నేను మానలేదు. కాకపోతే పొట్టును వదిలి చేతిని చూడడం మొదలుపెట్టాను. ఎవరూ కొట్టి నేర్పని పనిలో చెయ్యి ఎట్లా కదులుతుందో అదే ఆ మనిషి వాటం. ఇది నా అనుభవసారం అని రాసి, లక్ష్మమ్మకు చదివి వినిపించాను.

"కనిపెట్టింది నేనని రాసినవా?"

"రాసిన."

"అయితే జర లేచి చీపురు పట్టు. పెండ్లయి ఇన్నేండ్లాయె, నీ చేతి వాటం ఒక్కనాడు చూడలే."